‘నర్సాపూర్’ శబ్దార్థనిర్ణయం – భాషాయంత్రాల జాలపుటాన్వేషణ

సైంధవం తెమ్మని యజమాని ఆజ్ఞాపిస్తే ఉప్పు తేవలెనా, గుర్రం తేవలెనా అన్న సందేహం శాస్త్రవిద్యార్థులకు పరిచితమైనదే. భోజనసమయమైతే ఉప్పు, ప్రయాణసమయమైతే గుర్రం. ప్రకరణమే అక్కడ నిర్ణాయకం. సరిగ్గా ఇటువంటి సందేహమే మెదక్ జిల్లా నర్సాపూరు విషయంలో నేడు భాషాయంత్రాలకు కలుగుతున్నది. భాషాయంత్రమనగా, కృత్రిమమేధ అని వ్యవహరింపబడుతున్న సాధనాలలో ప్రశ్నకు వాక్యరూపంలో సమాధానం కూర్చే లాంగ్వేజ్ మోడల్ అని ఈ వ్యాసంలో గ్రహించవలెను. దానికి అంతర్జాలపుటలను తెచ్చి చదివే శక్తిని ఎట్లు కల్పిస్తారు, తెచ్చినదానికి ప్రామాణ్యం ఎంత అన్నవి ఇక్కడి విచార్యాంశాలు.

అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించి, కేవలం సంస్కారం వలన కలిగేదానిని స్మృతిగా పరిగణించినాడు. ప్రమాణాలచే సిద్ధించే ప్రమలో నైయాయికులు స్మృతిని చేర్చరు. భాషాయంత్రానికి స్వతహాగా ఉన్నది ఇట్టి స్మృతి వంటిదే. శిక్షణకాలంలో చదివిన అపారమైన గ్రంథరాశి దానిలో సంఖ్యల రూపంలో సంస్కారంగా నిలుస్తుంది. శిక్షణ ముగిసిన నాటితో ఆ సంస్కారం ఘనీభవిస్తుంది. లోకం మాత్రం ఆగదు. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడు జిల్లాలుగా విభక్తమయ్యే వరకు నర్సాపూరువారికి జిల్లాకేంద్రం సంగారెడ్డి; ఆ తరువాత మెదక్ పట్టణం. 2018లో నర్సాపూరు పురపాలక సంఘమైనది. పూర్వపు రచనలు అసత్యాలు కావు, ఆయా కాలాలకు సత్యాలే. కాని కలెక్టరు కార్యాలయానికి ఎక్కడికి పోవలెనని అడిగిన రైతుకు యంత్రం పాత స్మృతితో సంగారెడ్డి అని చెప్పినట్లయితే, అతనికి పోయేది ఒక దినపు కూలి, బస్సుఖర్చు.

ఈ లోపాన్ని పూరించే యత్నాలు ఇటీవలివే. ప్రశ్నకు తగిన పాఠాలను వెదికి తెచ్చి, వాటి ఆధారంగా సమాధానం కూర్చే పద్ధతిని 2020లో పాట్రిక్ లూయిస్ ప్రభృతులు ప్రతిపాదించినారు. 2021 డిసెంబరులో ఓపెన్‌ఏఐ సంస్థ వెబ్‌జీపీటీ అన్న ప్రయోగాన్ని ప్రకటించినది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఇట్టి సాధనాలను జతపరచుటకు ఒక సామాన్యమర్యాదను వెలువరించినది.

యంత్రమే అంతర్జాలంలో సంచరిస్తుందని సామాన్యుల అభిప్రాయం. అది సరికాదు. దానికి తెలిసినది వాక్యాలు వ్రాయుట ఒక్కటే. ముందుగా దానికి రెండు సాధనాల వర్ణన అందజేస్తారు: ఒకటి మాటలతో వెదికేది, రెండవది చిరునామా ఇస్తే పుటను తెచ్చేది. అవసరమని తోచినప్పుడు యంత్రం సమాధానానికి బదులు ‘ఫలానా సాధనాన్ని ఫలానా మాటతో ప్రయోగింపుడు’ అన్న అర్థం గల నియతరూప వాక్యం వ్రాస్తుంది. దానిని కనిపెట్టి ఉన్న వేరొక ప్రోగ్రాము పుటను తెచ్చి, అలంకరణలను తొలగించి, పాఠాన్ని మాత్రం యంత్రం ముందుంచుతుంది. చదువరి అడుగగా భాండాగారంలోని పుస్తకం తెచ్చియిచ్చే సహాయకుని వంటిదీ ప్రోగ్రాము. తెచ్చిన పాఠమంతా యంత్రం ఒకేసారి చూడగల పరిమితిలో ఇమడవలెను. ఇక్కడ తెలుగుకు ఒక చిక్కు ఉన్నది. ఈ ఊరిపేరు రోమన్ లిపిలో ఎనిమిది బైట్లు. ‘నర్సాపూర్’ అని మన లిపిలో వ్రాస్తే యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇరవైయేడు. యంత్రం పాఠాన్ని ముక్కలుగా విడగొట్టుకొనే తీరును బట్టి, అదే విషయం తెలుగులో ఉంటే ఎక్కువ స్థలాన్ని ఆక్రమించుట తరచుగా జరుగుతుంది.

ఇక నామసామ్యం. నర్సాపూర్ (జి) నిర్మల్ జిల్లాలో ఉన్నది. గోదావరీతీరాన పశ్చిమగోదావరి జిల్లాలో నరసాపురం ఉన్నది. లేసు అల్లికలకు ప్రసిద్ధమైన ఆ పట్టణం ఆంగ్లరచనలో మన ఊరిపేరుతో ఇంచుమించు ఏకమవుతుంది. వెదికే సాధనం అక్షరసామ్యాన్ని చూస్తుంది కాబట్టి మూడింటి పుటలను కలగలిపి తేగలదు. భర్తృహరి వాక్యపదీయంలో అనేకార్థకశబ్దానికి అర్థనిర్ణయహేతువులుగా సంసర్గం, సాహచర్యం మొదలైనవాటిని పేర్కొన్నాడు. మెదక్, అడవి, హైదరాబాదు మార్గం అన్నవి సహచరిస్తే మన నర్సాపూరు. లేసు, గోదావరి, భీమవరం సహచరిస్తే నరసాపురం. ఇంతవరకు సులభమే. అయితే 1997లో నర్సాపూరులో నెలకొన్న బి.వి. రాజు సాంకేతిక కళాశాలను నడిపే శ్రీ విష్ణు విద్యాసంస్థకు భీమవరంలోనూ కళాశాలలున్నవి. రెండు ఊళ్లూ ఒకే పుటలో కనబడినప్పుడు సాహచర్యం సైతం వంచిస్తుంది. అట్టిచోట జిల్లాపేరు చేర్చి మరల వెదుకుమని యంత్రానికి నేర్పుట తప్ప ఉపాయాంతరం లేదు.

నామభ్రాంతికంటె ప్రమాదకరమైనది మరొకటి. తెచ్చిన పుటలోనే ‘ఇంతవరకు చెప్పినది విడిచి నేను చెప్పినట్లు చేయుము’ అని ఎవరైనా వ్రాసిపెట్టవచ్చు. యంత్రం దృష్టిలో యజమాని ఆజ్ఞా వాక్యమే, పుటలోని రాతా వాక్యమే. 2022 నుండి దీనికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అన్న పేరు రూఢమైనది. మీమాంసకులు విధివాక్యాన్ని అర్థవాదం నుండి వేరుచేసి చూచిన శ్రద్ధ ఇక్కడ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. పుటలో లోట్ప్రయోగం ఉన్నంత మాత్రాన అది యంత్రానికి విధి కాదు. అక్కడ ఒకరు అట్లు వ్రాసినారు అన్న వార్త మాత్రమే. ఈ వివేకాన్ని యంత్రాలకు అలవరచుటకు యత్నాలు జరుగుతున్నవి కాని పూర్తి రక్షణ ఇంకను సిద్ధించలేదు. అందుచేత బయటిపుటలు చదివే యంత్రానికి ఉత్తరాలు పంపుట, ధనం చెల్లించుట వంటి అధికారాలను మనుష్యుని అనుమతి లేకుండా ఒప్పగించరాదని నా అభిప్రాయం.

మన రంగంలో పరిశోధకులకు దీనికంటె దగ్గరి ప్రశ్న ఒకటున్నది: వెదికినా దొరకలేదని యంత్రం చెబితే, ఆ విషయం లేనట్లేనా? అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరించిన భాట్టులు యోగ్యానుపలబ్ధికే ఆ గౌరవమిచ్చినారు. వెలుగులో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిలో కనబడకపోతే ఏమీ తేలదు. తెలుగు వాఙ్మయంలో అధికభాగం యంత్రానికి చీకటిలోనే ఉన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో ఛాయాచిత్రాలుగా మారిన గ్రంథాలెన్నింటిలోనో యంత్రం నేరుగా చదువదగిన అక్షరపాఠం లేదు, బొమ్మలే ఉన్నవి. యూనికోడుకు పూర్వపు ఫాంట్లతో కూర్చిన పుటలు కంటికి చక్కని తెలుగు. సాధనం తెచ్చేసరికి అర్థరహితమైన రోమనక్షరాల కుప్ప. అప్పుడు యంత్రం ‘పుటను చదువలేకపోయితిని’ అనవలెను. అట్లనక ఆ ఖాళీని స్మృతితో పూరించి, ఆ పుటలో చూచినట్లే చెప్పుట కద్దు. కనుక సమాధానంతోపాటు పుట చిరునామాను, తెచ్చిన పాఠాన్ని కూడ చూపుమని కోరవలెను. ఆ పాఠంలో మన అక్షరాలు ఉన్నవో లేవో తెలుగు చదువనేర్చిన వారెవరైనా ఒక్క చూపులో చెప్పగలరు.