రౌటర్ పవర్ తక్కువ చూపిస్తోందా? ముందు సెన్సార్ మీద స్టిక్కర్ చదవండి

గత నెల ఒక రౌటర్ రివ్యూ దాదాపు పోస్ట్ చేసేశాను. హెడ్డింగ్ కూడా రెడీ: "బాక్స్ మీద 100 మిల్లీవాట్లు, లోపల 92!" దిల్‌సుఖ్‌నగర్‌లో నా రూమ్‌లో, టెస్ట్ మోడ్‌లో పెట్టి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 92. సెన్సార్ ఎల్బీనగర్‌లో ఉండే ఫ్రెండ్‌ది, వాడు ఆర్‌ఎఫ్ టెస్టింగ్‌లో పనిచేస్తాడు. ఫోటో పంపితే ఒక్కటే రిప్లై: "మామా, స్టిక్కర్ చూశావా?"

చూడలేదు.

అది పాత హెచ్‌పీ 8481ఏ. థర్మోకపుల్ సెన్సార్, 10 మెగాహెర్ట్జ్ నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా కొలుస్తుంది. దాని ఒంటి మీదే ఒక టేబుల్ అంటించి ఉంటుంది: ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత కాలిబ్రేషన్ ఫ్యాక్టర్ అని. నేను మీటర్‌లో దాన్ని 100% దగ్గరే వదిలేశాను.

ఇదేంటంటే, ఎల్బీనగర్ స్టేషన్‌లో మెట్రో డోర్ దగ్గరికి 100 మంది వచ్చారనుకోండి. ఇద్దరు ఎక్కకుండా వెనక్కి తిరిగారు, అది రిఫ్లెక్షన్. ఎక్కిన 98 మందిలో కౌంటింగ్ కెమెరా ముగ్గుర్ని మిస్ అయింది, అది ఎఫిషియెన్సీ నష్టం. కెమెరా 95 అంటుంది. కాబట్టి ఫ్యాక్టర్ 95%. అసలు సంఖ్య కావాలంటే రీడింగ్‌ని 0.95తో భాగించాలి. ఫ్రీక్వెన్సీ మారితే ఈ రెండు నష్టాలూ మారతాయి. మీటర్‌ని 50 మెగాహెర్ట్జ్, 1 మిల్లీవాట్ రిఫరెన్స్ దగ్గర సెట్ చేస్తాం కదా, 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ సెట్టింగ్ ఒక్కటే సరిపోదు.

నా స్టిక్కర్‌లో 4 గిగాహెర్ట్జ్‌కి 96.4, 6కి 93.2 ఉంది. రౌటర్ 5.18 మీద. మధ్యలో విలువ సరళరేఖలా లెక్కేస్తే:

96.4 − (1.18 ÷ 2) × 3.2 = 94.5%

92 ÷ 0.945 = 97.4 మిల్లీవాట్లు. (మధ్యలో పెట్టిన 20 డీబీ ఆటెన్యుయేటర్ నష్టం ముందే కలిపాను.)

ఇంకా 2.6 తక్కువ కదా అంటారా? నేనూ అదే అన్నాను. ఆటెన్యుయేటర్ వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5, అంటే రిఫ్లెక్షన్ 0.2. సెన్సార్‌ది 1.2, అంటే 0.091. రెండూ గుణించి రెట్టింపు చేస్తే ±3.6%. అటూ ఇటూ కొట్టుకునే అలల ఫేజ్ నాకు తెలియదు కాబట్టి ఈ అనుమానం పోదు. కంపెనీ చెప్పిన 100 దీని లోపలే ఉంది. మోసం అని రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

మరి స్టిక్కర్ మీద ఆ అంకెలు ఎవరు లెక్కేస్తారు? ల్యాబ్‌లో స్థిరమైన జనరేటర్, పవర్ స్ప్లిటర్ పెడతారు. ఒక చేతికి మానిటర్ సెన్సార్, రెండో చేతికి ముందు స్టాండర్డ్, తర్వాత మనది. స్టాండర్డ్ ఫ్యాక్టర్ 98%, దాని రీడింగ్ 0.980, మనది 0.930 వస్తే:

98 × 0.930 ÷ 0.980 = 93%

మధ్యలో జనరేటర్ కదిలితే మానిటర్ పట్టిస్తుంది, ఆ నిష్పత్తితో సరిచేస్తారు. మిస్‌మ్యాచ్‌ని కూడా వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్‌తో కొలిచి తీసేస్తారు. మన దేశంలో ఈ కొలతల గొలుసుకి పై కొస ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ.

కొత్త యూఎస్‌బీ సెన్సార్లలో టేబుల్ లోపలి మెమరీలోనే ఉంటుంది. అయినా ఫ్రీక్వెన్సీ మీరే టైప్ చేయాలి. చాలామంది మర్చిపోయేది అక్కడే.

హెడ్డింగ్ తీసేశాను. నా పాత రివ్యూల్లో రెండు 5 గిగాహెర్ట్జ్ టేబుళ్లు కూడా ఇలాగే కొలిచినవే, వాటినీ తీసేస్తున్నాను. ఒక రౌటర్ నా దగ్గరే ఉంది, మళ్లీ కొలుస్తా. రెండోది అమ్మేశాను.