సాగర్ మట్టి రెక్కలు

సత్తెనపల్లిలో పిల్లలకి సెలవులిచ్చారంటే పెద్దలు ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పులిహోర డబ్బాకెత్తుకుని మాచర్ల వైపు బస్సో రైలో ఎక్కేయడమే. ఇక సాగర్ గేట్లెత్తారని టీవీలో చెప్పారంటే ఆగేదేముంది! డ్యామ్ ముందు ఓ ఫొటో, లాంచీలో నాగార్జునకొండ, తిరుగుదారిలో ఎత్తిపోతల... ఎవరింట్లో ఆల్బమ్ తిరగేసినా ఈ మూడూ ఉంటాయి.

ఏ ఆల్బమ్‌లోనూ కనిపించనిది ఒకటుంది. ఒకవేళ ఫొటోలో ఓ మూల పడినా ‘అదేదో గట్టు’ అనుకుని వదిలేస్తాం. అదే... డ్యామ్‌కి అటూ ఇటూ సాగిన మట్టికట్ట!

నాగార్జునసాగర్ అంటే ప్రపంచంలోనే అతి పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటని చిన్నప్పుడే బళ్లో చదువుకున్నాం. అబద్ధమేమీ కాదు. కానీ లెక్క పూర్తిగా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నది మధ్యలో రాతితో కట్టింది 4,756 అడుగులు. దానికి ఎడమవైపు మట్టికట్ట 8,400 అడుగులు, కుడివైపు మట్టికట్ట 2,800 అడుగులు. అంటే డ్యామ్ పొడవులో పదింట ఏడుపాళ్లు మట్టే! అందులో కుడివైపుది సత్తెనపల్లి ఉన్న పల్నాడు జిల్లా గడ్డమీదే ఉంది. పేరంతా రాయికి పోయింది, కాపలా మాత్రం మట్టి కూడా కాస్తోంది.

రాయి మధ్యలోనే ఎందుకు?

మొత్తం రాతితోనే కట్టేయొచ్చుగా అనిపిస్తుంది. నది మధ్యలో లోతెక్కువ, నీటి ఒత్తిడి ఎక్కువ. పైగా వరదొస్తే నీళ్లు దూకాల్సిందీ అక్కడినుంచే. అందుకే అక్కడ రాయి, దానిమీద 45 అడుగుల వెడల్పూ 44 అడుగుల ఎత్తూ ఉన్న 26 గేట్లు. ఒడ్డుకేసి వచ్చేకొద్దీ నేల పైకి లేస్తుంది, కట్ట ఎత్తు తగ్గుతుంది. అక్కడ దగ్గర్లో దొరికే మట్టితో కట్ట పోస్తే ఖర్చు కలిసొస్తుంది. రాతిపనికి వేలమంది కూలీలు చెమటోడ్చిన ఆ రోజుల్లో రూపాయి రూపాయీ లెక్కే మరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. కుడికాలువకి తండ్రి పేరే పెట్టారు... జవహర్ కాలువ.

మట్టికట్ట అంటే మట్టి తెచ్చి కుప్పపోయడం కాదు. నడిమిన నీరు దిగని బంకమట్టితో గర్భం. దానికి రెండు పక్కలా గరుసుమట్టి తొడుగు. నీళ్లవైపు అలలు కోసేయకుండా రాతి పరుపు. అవతలివైపు వాలుమీద వాన కోతకి గడ్డి. అడుగున, ఊరిన నీరు మట్టిని వెంటేసుకుపోకుండా వడగట్టి బయటికి పంపే ఇసుక, కంకర పొరలు. మట్టిని పలుచని వరసలుగా పోసి, తగినంత తడిపి, రోలర్లతో తొక్కిస్తారు. తడి తక్కువైతే మట్టి అతుక్కోదు, ఎక్కువైతే జావవుతుంది. ఆ ‘తగినంత’ ఎంతో కొలిచే పద్ధతిని 1933లో ప్రాక్టర్ అనే అమెరికా ఇంజినీరు చెప్పాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆయన పేరుమీదే ఆ పరీక్ష చేస్తారు. చెరువుకట్టలు వేసిన మన వడ్డెర్లు అదే సంగతిని పిడికిట్లో మట్టి ఉండ నొక్కి తేల్చేవారు!

సత్తెనపల్లి చుట్టుపక్కల పత్తిని, మిరపని పండించే నల్లరేగడి ఉందే... చేనుకి అది బంగారం. కట్టకి మాత్రం పేచీకోరు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అందుకే దాన్ని వాడాల్సొస్తే కట్ట గర్భంలో దాచి, పైన గరుసు కప్పుతారుగానీ ఎండకి వదిలేయరు.

రెండే భయాలు

మట్టికట్టకి ముఖ్యంగా రెండు భయాలు. మొదటిది, నీరు పైనుంచి పొర్లడం. రాతికట్ట, కాంక్రీటు కట్ట కొంత ఓర్చుకుంటాయి. 2009 అక్టోబరు వరదల్లో శ్రీశైలం నీటిమట్టం పూర్తిస్థాయి 885 అడుగులు దాటి 896 అడుగుల పైకెళ్లింది. కర్నూలు మునిగింది, డ్యామ్ మాత్రం నిలబడింది. అదే మట్టికట్టమీదుగా నీళ్లు పొర్లితే గంటల్లో కోసుకుపోతుంది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు దగ్గర జరిగిందదే. గేట్లు వదలగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చింది. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వాసులు ఆ ఉదయాన్ని మరిచిపోలేరు. గేట్లు సరిగ్గా లేచాయా లేదా అన్నదానిమీదే మట్టికట్ట ప్రాణం ఆధారపడి ఉంటుంది మరి.

రెండో భయం కంటికి కనపడదు. లోపలి ఊట. ప్రతి మట్టికట్టా ఎంతోకొంత ఊరుతుంది, అది తప్పు కాదు. ఊరే నీరు తేటగా ఉన్నంతకాలం కట్ట క్షేమం. బురదరంగు తిరిగిందా, లోపలి మట్టి కదిలిపోతోందన్నమాట! అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని టీటన్ డ్యామ్‌ని 1976లో మొదటిసారి నింపుతున్నారు. జూన్ 5 ఉదయం కట్ట అడుగున బురదనీటి ఊట కనిపించింది. పన్నెండయ్యేలోపు అంత పెద్ద కట్టకీ గండి పడింది. పదకొండుమంది చనిపోయారు. బుల్‌డోజర్లతో పూడ్చబోతే, అవీ ఆ గండిలోకే జారిపోయాయి.

అందుకే మట్టికట్టకి యంత్రాలకంటే ముందు మనిషి కళ్లు కావాలి. కట్ట పొడవునా నడవాలి. ఎక్కడ చెమ్మగా ఉంది, ఎక్కడ మట్టి కుంగింది, ఎక్కడ ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు తవ్వాయి, ఎక్కడ తుమ్మచెట్టు వేళ్లు దించింది... ఇవన్నీ చూసుకోవాలి. ఊరి చెరువుకి నీరుకట్టువాడు చేసిన పనే ఇది. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం కూడా వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి తనిఖీ చేసి తీరాలంటోంది. ఈ నడకకి ఎవరూ రిబ్బను కత్తిరించరు, టీవీ కెమెరాలు రావు. 2023 నవంబరు 30న రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు సాగర్ మీద మోహరించినప్పుడు కూడా వార్తలన్నీ గేట్ల గురించే!

590 అడుగుల సంబరం

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. మొదట్లో 408 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 312కి వచ్చింది. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం సీమల్లో 11 లక్షల ఎకరాలకి పైగా ఆయకట్టు ఉంది. ‘సాగర్ 590కి వచ్చింది’ అన్న వార్త ఒక్కటే. సత్తెనపల్లి మిరపరైతుకి అది ఫిబ్రవరిదాకా తడి దొరుకుతుందన్న ధీమా. లాంచీవాళ్లకి శ్రీశైలందాకా షికారు తిప్పొచ్చన్న హుషారు. 2015లో, 2023లో కృష్ణమ్మ మొహం చాటేసినప్పుడు కాలువా ఎండింది, రైతుల మొహాలూ వాడాయి.

నిండుకుండలా ఉన్నప్పుడు లాంచీ ఎక్కితే ఆ అందమే వేరు. కింద ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండమీదికీ ఇంకొన్నింటిని అనుపుకీ తరలించారు. అలా ఒక నగరం నీళ్లకి చోటిచ్చింది. ఒకప్పటి కొండ ఇప్పుడు ద్వీపం. 1966లో తెరిచిన మ్యూజియం దానిమీదే ఉంది.

సాయంత్రం లాంచీ విజయపురి సౌత్ రేవుకి తిరిగొచ్చేసరికి పిల్లలు పల్లీలు కొనమని మారాం చేస్తుంటారు, పెద్దలు మాచర్ల బస్సు వేళ చూసుకుంటుంటారు. ఫోన్లన్నీ రాతి డ్యామ్ వైపే తిరిగి ఉంటాయి. కుడికట్ట మీద మాత్రం గడ్డి గాలికి ఊగుతూ ఉంటుంది.