పెక్కు పంక్తులు, ఒక్క దిద్దుబాటు

2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. విశాఖపట్నం జిల్లా మూడుగా చీలగా, అంతవరకు దానిలోనిదైన చోడవరము నూతనముగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. అచటి స్వయంభూ విఘ్నేశ్వరాలయమును, గోవాడ చక్కెర కర్మాగారమును ఉన్నచోటనే యున్నవి. 531036 అను పిన్‌కోడు సయితము మారలేదు. కాని చిరునామాలోని జిల్లా పేరొక్కటి మారుటచేత, చందాదారుల జాబితా గల పత్రికకైనను, పూర్వవిద్యార్థుల పట్టిక గల పాఠశాలకైనను, ఖాతాదారుల చిట్టా గల వర్తకునకైనను, అదే మాటను ఎన్నో పంక్తులలో దిద్దుకొనవలసిన పని వచ్చిపడినది. ఇట్టి పనికే కంప్యూటరులోని టెక్స్ట్ ఎడిటర్లయందు బహు కర్సర్ల సౌకర్యము గలదు.

తెరపై అక్షరము పడబోవు చోటును సూచించుచు మినుకుమినుకుమను సన్నని నిలువు గీతయే కర్సరు. సాధారణముగా నది యొక్కటియే యుండును గనుక, నూఱు చోట్ల దిద్దవలెనన్న నూఱుమార్లు దానిని నడిపించి, నూఱుమార్లు టైపు చేయవలసి యుండును. ఆ శ్రమకు వెఱచి 'రీప్లేస్ ఆల్' అను ఆజ్ఞ నిచ్చితిమా, ఫైలులోని విశాఖపట్నము లన్నియు క్షణములో అనకాపల్లులగును. అప్పుడు పాత జిల్లాలోనే నిలిచిన భీమునిపట్నము, పెందుర్తి వారి చిరునామాలును, అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన పాడేరు, అరకు వారి చిరునామాలును చెడును. విశాఖపట్నం ఉక్కు కర్మాగారము సయితము పేరు మార్చుకొనును. 2022కు పూర్వపు దస్తావేజుల నకళ్ళలో ఆనాటి జిల్లా పేరే యుండుట న్యాయమను వివేకము యంత్రమున కెక్కడిది?

ఈ రెంటికిని నడుమనున్న మార్గమే బహు కర్సర్లు. 2008లో వెలువడిన సబ్లైమ్ టెక్స్ట్‌లో గాని, 2015లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్‌లో గాని, విండోస్ కంప్యూటరుపై మార్చదలచిన మాటను ఎంచుకొని 'కంట్రోల్ డి' నొక్కిన, ఆ మాట మఱల వచ్చిన తరువాతి చోటు గూడ ఎంపికయగును. చోడవరము, మాడుగుల, రావికమతము వచ్చినపుడు అట్లే సాగవచ్చును. పెందుర్తి వచ్చినపుడు 'కంట్రోల్ కె', పిమ్మట 'కంట్రోల్ డి' నొక్కి దానిని విడిచి పోవచ్చును. కోరిన చోట్లన్నియు ఎంపికయైన పిదప 'అనకాపల్లి' యని ఒక్కసారి టైపు చేసిన, అన్నిచోట్లను ఏకకాలమున ఆ మాట వెలయును. ఎస్కేప్ మీట నొక్కిన మఱల ఒక్క కర్సరే మిగులును. నిర్ణయము ఒక్కొక్క పంక్తికి వేఱుగ జరుగును. శ్రమ మాత్రము అన్నిటికి నొక్కటియే.

ఈ యోచన విశ్వవిద్యాలయములందును పరిశోధనకు పాత్రమైనది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ మిల్లర్, బ్రాడ్ మయర్స్ అనువారు లాపిస్ అను ఎడిటరును నిర్మించి, ఒకచోట చేసిన మార్పు తత్సదృశములైన స్థలములన్నిటను జరుగు విధానమును 2001లో ప్రకటించిరి.

తెలుగు పాఠ్యమును దిద్దువారు ఒక విశేషము నెఱుగవలెను. 'చోడవరం' కంటికి నాలుగక్షరములేయైనను, కంప్యూటరు అక్షరములను దాచుకొను యూనికోడ్ పద్ధతిలో ఆరు సంకేతములు. 'విశాఖపట్నం' ఐదక్షరములుగా దోచినను పది సంకేతములు. పైగా మన యక్షరముల వెడల్పులు సమానములు గావు. అందుచేత మౌసుతో నిలువు పట్టీగా ఎంచుకొనుటయు, బాణపు మీటతో ఇన్ని యడుగులని లెక్కించి కర్సర్లను నడుపుటయు తెలుగున తఱచుగా విఫలమగును. పంక్తుల పొడవులెట్లున్నను హోమ్ మీట ప్రతి కర్సరును తన పంక్తి మొదటికిని, ఎండ్ మీట చివరకును చేర్చును; కంట్రోల్‌తో గూడిన బాణపు మీట మాటకు మాటగా నడపును. ఇంకొక సంగతి: ఒకచోట 'విశాఖపట్నం' అనియు, మఱొకచోట 'విశాఖపట్టణం' అనియు, వేఱొకచోట 'వైజాగ్' అనియు వ్రాసియున్నచో, ఎడిటరు వానిని వేర్వేఱు మాటలుగనే యెంచును, కావున ఒక్కొక్క రూపమును విడిగా వెదకవలెను.

ఈ సాధనమునకు దోషము లేకపోలేదు. గొర్రు పట్టిన రైతు ప్రక్కకు జరిగిన చాళ్ళన్నియు కలిసి వంకరపోవునట్లు, ఒక్క యక్షరము తప్పుగా నొక్కిన ఎంచుకొన్న పంక్తులన్నిటను అదే తప్పు దొర్లును. అయితే అది కంటి యెదుటనే దొర్లును గనుక 'కంట్రోల్ జెడ్'తో వెంటనే వెనుకకు మరలవచ్చును. టైపు చేయుటకు ముందు తెర యడుగుభాగమున ఎడిటరు చూపు ఎంపికల సంఖ్యను మన జాబితాలో మారవలసిన పంక్తుల సంఖ్యతో సరిచూచుకొనుట ఉత్తమము. మూల ఫైలునకు ఒక ప్రతి తీసియుంచుకొనుట మఱియు నుత్తమము.

పాత విశాఖపట్నం జిల్లానుండి 1950లో శ్రీకాకుళము వేఱుపడినది. 1979లో విజయనగరము జిల్లా యేర్పడినది. 2022లో అనకాపల్లియు, అల్లూరి సీతారామరాజు జిల్లాయు ఏర్పడినవి. సరిహద్దులు మారినపుడెల్ల పట్టికలును మారక తప్పదు గనుక, కార్యాలయమున వ్రాతపని చేయువారు టైపు నేర్చునపుడే బహు కర్సర్ల వాడుకను గూడ నేర్చుకొనుట మేలు.