మావారి పెళ్లి బూట్లు

మా మరిదికి హైదరాబాదులో ఇంటర్వ్యూ. బట్టలున్నాయి, బూట్లు లేవు. కొత్తవి కొందామంటే ఆ నెల చీటీ కట్టగా మిగిలింది అంతంతమాత్రం. సజ్జ మీదున్న మావారి పెళ్లి నాటి తోలు బూట్లు గుర్తొచ్చాయి. దించి చూస్తే లేత గోధుమ రంగు వెలిసి, ముందుభాగం గీరుకుపోయి ఉంది.

"వదినా, ఇవేసుకుని పోతే నవ్వుతరు" అన్నాడు. నిజమే. కానీ కుట్టు ఊడలేదు, అడుగు గట్టిగానే ఉంది. రంగు పోయిందని పారేస్తామా?

నిర్మల్‌లో పుట్టి పెరిగినదాన్ని, రంగంటే నాకు భయమేమిటనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను. మన బొమ్మలవాళ్లు పొనికి చెక్క బొమ్మకు చింతగింజల జిగురు కలిపిన ముద్ద పట్టించి, నునుపు చేసి, ఆపైన రంగు వేస్తారు. అది పైనే నిలిచే రంగు. తోలుకు రంగు లోపలికి ఇంకాలి. పైనే నిలిస్తే నడిచినప్పుడు మడతల దగ్గర పగిలి రాలిపోతుంది.

ఆ సంగతి తెలియక, తెప్పించిన ముదురు గోధుమ తోలు రంగును దుమ్ము దులిపి పూసేశాను. పాత పాలిష్ మైనం ఉన్నచోట పట్టలేదు, గీరుకున్నచోట నల్లగా పీల్చుకుంది. అచ్చం చిరుతపులి! మావారు ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, అసిటోన్‌లో తడిపిన గుడ్డతో మెరుపంతా పోయేదాకా తుడిచాను. (దగ్గర్లో పొయ్యి వెలగకూడదు సుమా, ఇట్టే అంటుకుంటుంది.) నీటిచుక్క వేస్తే జారిపోకుండా ఇంకింది. ఇక రంగు పడుతుందన్నమాట. ముందుగా లేసుల కింది నాలుక మీద వేసి చూసుకున్నాను. తర్వాత పల్చగా మూడు పూతలు, ఒకటి నీడలో ఆరాకే ఇంకొకటి. లేత రంగు మీద ముదురు వేయొచ్చు గానీ, ముదురు మీద లేతది రాదు. రెక్సిన్ బూట్లకైతే ఈ ప్రయత్నమే వద్దు, అసిటోన్ తగిలితే పైపొర కరిగిపోతుంది.

పాతకాలపు సొగసు రావాలంటే ముక్కు, మడమల దగ్గర నల్ల పాలిష్ పెట్టాలి. వేలికి గుడ్డ చుట్టి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, మధ్యకు వచ్చేకొద్దీ పల్చన చేయాలి. ఎక్కడా గీత కనబడకూడదు. దీనికే ఒక సాయంత్రమంతా పట్టింది. చివరికి పాత నూలుచీర ముక్కతో రుద్దితే లోపలి నుంచి మెరుపు వచ్చింది.

మరిదికి ఒక సైజు పెద్దవయ్యాయి. ముందు దూది కుక్కి పంపించాను. ఇంటర్వ్యూ ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా మావారు రోజూ అడుగుతున్నారు, "నా బూట్లు ఎప్పుడిస్తడట?"