ఎల్లలు తగ్గిన యొడంబడిక

మా వీథిలోని యొక సోదరి నగలు కుదువబెట్టి యొక మిఠాయిసంస్థవారి ఫ్రాంచైజీ తీసికొనెను. పట్టణమంతయు నామెదే యని పత్రములో నుండెను. ఐదేండ్ల గడువు తీరినది. పునరుద్ధరణమనగా పాతపత్రముపైననే మరల చేవ్రాలు చేయుట యని యామె తలంచెను. వచ్చినది క్రొత్తపత్రము, అందున్నవి మూడు వీథులే! పేరునకు పునరుద్ధరణమే గాని, నిజమున కది క్రొత్త యొడంబడిక. అంగడిని విక్రయించినను కొనువారికి తరచుగా నిట్టి క్రొత్తపత్రమునే యిత్తురు. ఎల్ల తగ్గినచో వెలయు తగ్గును గదా. అమెరికాలో 2007లో సవరించిన కేంద్రనిబంధన ప్రకారము, పునరుద్ధరణమున షరతులు మిక్కిలి మారవచ్చునేని ఆ సంగతిని మొదటి చేవ్రాలునకు 14 దినములు ముందుగనే వ్రాసి తెలుపవలెను. మనకట్టి ప్రత్యేకశాసనము లేదు. 1872 నాటి ఒప్పందచట్టమే దిక్కు. కావున సోదరీమణులారా, పునరుద్ధరణమునను బదలాయింపునను ఎల్ల మారదను వాక్యమును మొదటి పత్రముననే వ్రాయించుకొనుడు. ఆమె యింకను చేవ్రాలు చేయలేదు.