తుంగభద్రా తీరంలో తాళపత్ర ప్రతిబింబాల భద్రత: ఉమ్మడి నిల్వ వ్యవస్థకు ప్రణాళిక

వ్యాససంగ్రహం:
తాళపత్రాలను స్కాన్ చేయడంతోనే వాటి పరిరక్షణ పూర్తి కాదు. ఆ ప్రతిబింబాలను పదిమంది పరిశోధకులు ఏకకాలంలో వాడుకోగలగాలి. వరద వచ్చినా అవి నిలవాలి. ఇందుకు తగిన ఉమ్మడి నిల్వ వ్యవస్థను రూపొందించుకొనే విధానాన్ని మంత్రాలయం నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తాళపత్రాలు, నిల్వ వ్యవస్థ, నెట్‌వర్క్, తుంగభద్ర, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:
రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉంది. 2009 అక్టోబరు ఆరంభంలో వచ్చిన వరద ఈ క్షేత్రాన్ని ముంచెత్తింది. దిగువన, హంద్రీ తుంగభద్రలో కలిసేచోట ఉన్న కర్నూలు నగరమూ ఆ వరదలోనే మునిగింది. కరవుసీమగా పేరుపడిన ప్రాంతంలోనూ నీటి ముప్పు ఉంటుందనడానికి ఇది నిదర్శనం. కాబట్టి ఇక్కడ నిల్వ వ్యవస్థను తలపెట్టేవారు యంత్రం ధరకంటె ముందు, అది మునిగితే ఏమి మిగులుతుందో ఆలోచించాలి.

2. పరిమాణపు అంచనా:
16 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు గల తాటాకును ఉదాహరణగా తీసుకుందాం. అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించని ప్రతిబింబం ఒక్కో వైపుకు దాదాపు 26 మెగాబైట్లు అవుతుంది. రెండు వైపులా కలిపి 200 ఆకుల కట్టకు సుమారు 10 గిగాబైట్లు, అటువంటి నూరు కట్టలకు సుమారు ఒక టెరాబైట్ కావాలి. వాడుక ప్రతులకూ, రానున్న సంవత్సరాల సేకరణకూ అదనపు చోటు ఉంచుకోవాలి.

3. పంపిణీ వేగం:
ఈ స్థాయి బృందానికి నెట్‌వర్క్‌కు నేరుగా కలిపే నిల్వ పెట్టె, అంటే ‘నాస్’ సరిపోతుంది. పెద్ద డేటా కేంద్రాలకు ఉద్దేశించిన ‘సాన్’ ఖర్చూ, నిర్వహణ భారమూ అనవసరం. గిగాబిట్ తీగ ద్వారా సెకనుకు 110 మెగాబైట్ల వరకు అందుతాయి. పదిమంది ఒకేసారి తెరిచినా ఒక్కో ప్రతిబింబం రెండు మూడు సెకన్లలో వస్తుంది. పెట్టెకు వెళ్లే తీగ పాత 100 మెగాబిట్లదైతే ఆ నిరీక్షణ 20 సెకన్లు దాటుతుంది. మూల ప్రతిబింబాలను చదివే హక్కు అందరికీ, మార్చే హక్కు ఒకరిద్దరికీ మాత్రమే ఉండాలి.

4. రెయిడ్ పరిమితి:
ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రతిపాదించిన రెయిడ్ పద్ధతి డిస్కు వైఫల్యాన్ని తట్టుకొంటుంది. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని రెయిడ్ 6గా అమరిస్తే 8 టెరాబైట్లు వాడుకకు దక్కుతాయి. ఏ రెండు డిస్కులు చెడినా సమాచారం నిలుస్తుంది. కాని పొరపాటున చెరిపిన ఫైలును రెయిడ్ తిరిగి ఇవ్వదు. పెట్టె మొత్తం నీటిపాలైతే డిస్కులన్నీ కలిసే పోతాయి. అందువల్ల రెయిడ్ ప్రతికి ప్రత్యామ్నాయం కాదు.

5. ప్రతుల స్థానం:
మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊరిలో అన్నది స్థిరపడిన సూత్రం. మంత్రాలయానికి దీన్ని అన్వయిస్తే ‘వేరే ఊరు’ చాలదు, ‘వేరే నది’ కావాలి. కర్నూలులో ఉంచిన ప్రతికి అదే తుంగభద్ర ముప్పు ఉంటుంది. పెన్నా పరీవాహకంలోని కడప అందుకు మేలు. అక్కడా వరదలు లేకపోలేదు. 2021 నవంబరులో చెయ్యేరు వరద అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచింది. అయితే రెండు నదులు ఒకే రోజున రెండు ప్రతులనూ ముంచే అవకాశం తక్కువ. ఏ ఊరిలోనైనా పెట్టెను పై అంతస్తులోనే అమర్చాలి.

సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో ఒక టెరాబైట్ పంపడానికి తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. కనుక తొలి ప్రతిని డిస్కులో చేరవేసి, ఆ తరువాత మార్పులను మాత్రమే రాత్రివేళ పంపడం ఉచితం.

6. ముగింపు:
కడపలో సి.పి. బ్రౌన్ పండితులనూ లేఖకులనూ నియమించి ప్రతులు రాయించాడు. ఒక గ్రంథం పలుచోట్ల పలు ప్రతులుగా ఉన్నప్పుడే కాలాన్ని దాటుతుందన్న సత్యం డిజిటల్ యుగంలోనూ మారలేదు. అయితే ప్రతి ఉన్నదని నమ్మితే చాలదు. ఏటా వర్షాకాలానికి ముందు దూరప్రతి నుండి కొన్ని కట్టలను తిరిగి తెరిచి, మూలంతో సరిచూసినప్పుడే ఆ ప్రణాళిక సార్థకమవుతుంది.