అమ్మా, రేపట్నించి ఆటోలో వెళ్ళను!

సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఉండదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏమీ లేదంటారు. టిఫిన్ బాక్సు పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంది. మొన్న కొన్న పెన్సిల్ బాక్సు ఇవాళ కనపడదు. 'ఎక్కడ పారేశావే?' అంటే గోడ వంక చూస్తుంది. బడి నుంచి రావడం రావడం బాత్‌రూమ్‌లోకి పరిగెడుతుంది. పొద్దుట్నుంచీ బిగబట్టుకుందన్నమాట.

విడివిడిగా చూస్తే ఇవన్నీ మామూలు విషయాలే. కానీ రెండు మూడు కలిసి వారాల తరబడి సాగుతుంటే తల్లి కాస్త ఆలోచించాల్సిందే. పాపని స్కూల్లోనో, ఆటోలోనో ఎవరో ఏడిపిస్తూ ఉండొచ్చు.

'పిల్లలన్నాక ఏడిపించుకోరా? మా చిన్నప్పుడు మేం పడలేదా?' అనేస్తారు ఇంట్లో పెద్దవాళ్ళు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఇవాళ కటీఫ్, రేపు మళ్ళీ దోస్తీ. అలాంటి వాటిల్లో పెద్దవాళ్ళు తలదూర్చకపోవడమే మంచిది. మరి తేడా తెలిసేదెలా? నార్వేకి చెందిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచీ ఈ విషయం మీదే పనిచేశారు. కావాలని చెయ్యడం, పదే పదే చెయ్యడం, ఎదిరించలేని వాళ్ళ మీద చెయ్యడం... ఈ మూడూ ఉంటే అది ఆట కాదన్నారు. బలమంటే కండబలమే కానక్కర్లేదు. వెనకాల నలుగురుండటం బలమే. గలగలా ఇంగ్లీషు మాట్లాడటం బలమే. ఒంటి రంగు, ఖరీదైన బూట్లు, ఆఖరికి కులం కూడా పిల్లల చేతుల్లో బలమైపోతాయి. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లని ఒక్కసారి 'సోడాబుడ్డీ' అంటే ఆమే నవ్వేసి ఊరుకుంటుంది. ఆటో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా, రోజూ, ఐదుగురు కలిసి అదే పేరు పాటలా పాడుతుంటే?

1982 చివర్లో నార్వేలో ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటివాళ్ళ వేధింపులే కారణమై ఉండొచ్చని భావించడంతో మరుసటి ఏడాది దేశమంతటా బడుల్లో దీనిమీద కార్యక్రమం మొదలుపెట్టారు. బెర్గెన్ నగరంలో 42 బడులను ఓల్వేయస్ బృందం గమనిస్తే, రెండేళ్ళలో 'మమ్మల్ని ఏడిపిస్తున్నారు' అనే పిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. పెద్దవాళ్ళు పూనుకుంటే తగ్గుతుందన్నమాట!

చాడీలు చెప్పకు!

పిల్లలు మనతో ఎందుకు చెప్పరు? మనమే వద్దన్నాం కాబట్టి. 'ఎప్పుడూ చాడీలేనా?' అని ఇంట్లో అంటాం, క్లాసులో టీచరూ అంటారు. ఇంకొకళ్ళని ఇరికించడానికి చెప్పేది చాడీ, ఆపదలోంచి బయటపడటానికి చెప్పేది చాడీ కాదు. ఈ తేడా ఒకటో క్లాసు పిల్లకి కూడా విడమరిచి చెప్తే అర్థమవుతుంది.

ఎదురుగా కూర్చోబెట్టుకుని 'ఏం జరిగింది చెప్పు' అని గద్దిస్తే మాత్రం నోరు విప్పరు. జడ వేసేటప్పుడో, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో అడగండి. మొహం కనపడకపోతే పిల్లలకి మాట తేలిగ్గా వస్తుంది. 'స్కూలెలా ఉంది?' అంటే 'బానే ఉంది' అనేస్తారు. 'ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావ్? ఆటోలో సీటు ఎవరిచ్చారు?' అంటే అసలు సంగతి బయటికొస్తుంది. చెప్పాక మాత్రం 'నువ్వేం చేశావు ముందు?' అని అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో తలుపు మూసుకుపోతుంది. 'నాతో చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పేం లేదు' అంటే చాలు.

సాధారణంగా ఇళ్ళల్లో రెండు సలహాలు తయారుగా ఉంటాయి. అమ్మమ్మది 'పట్టించుకోకు'. నాన్నది 'నువ్వూ ఒకటిచ్చుకో'. పట్టించుకోకుండా ఉండటం ఒకళ్ళిద్దరి దగ్గర పనికొస్తుందేమోగానీ, గుంపు దగ్గర పనికిరాదు. ఇక తిరిగి కొట్టగలిగే పిల్లయితే ఈ గొడవే ఉండేది కాదుగా! పైగా దెబ్బలాటలో దొరికిపోయేది చివర కొట్టినవాళ్ళే.

దానికి బదులు ఒక చిన్నమాట నేర్పండి. 'అలా పిలవకు. నాకు పేరుంది.' అంతే. తిట్టొద్దు, ఏడవొద్దు, ఆ మాటని అక్కడినుంచి కదిలిపోవాలి. అద్దం ముందు నాలుగుసార్లు చెప్పించండి. తల్లే ఏడిపించే పిల్లలా నటిస్తే ఇంకా మంచిది, కాసేపు నవ్వులాటగానూ ఉంటుంది. ఒక్కరోజులో అంతా మారిపోతుందనుకోకండి.

అసలు కిటుకు చుట్టూ ఉన్నవాళ్ళలో ఉంది. కెనడాలో పరిశోధకులు బడి ఆవరణల్లో వీడియో తీసి చూశారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, చూస్తున్న పిల్లల్లో ఎవరో ఒకరు కలగజేసుకుంటే సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. పది సెకన్లు! కాబట్టి మీ పాపకి ఆటోలో ఒక్క స్నేహితురాలు దొరికేలా చూడండి. సాయంత్రం ఆ పిల్లని ఇంటికి పిలిచి ఇంత ఉప్మా పెట్టండి. ఏ గొడవా లేని పిల్లల తల్లులు కూడా 'ఎవరినైనా ఏడిపిస్తుంటే నవ్వకు, వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడు' అని చెప్పి పంపాలి.

స్కూలుకి వెళ్ళేముందు

ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు ఫోన్లలో గ్రూపులు కూడా ఉన్నాయి కాబట్టి, అందులో వచ్చిన మాటలు కోపంలో చెరిపేయకుండా దాచండి. గేటు దగ్గర అవతలి పిల్లవాడి తల్లితో పోట్లాడితే లాభం లేదు, ఆ ఫలితం మర్నాడు మీ పాపే అనుభవిస్తుంది. ముందు క్లాస్ టీచర్ని కలవండి. వినకపోతే ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి. సిబిఎస్ఈ బడుల్లో ఇందుకోసం కమిటీ వేయాలని బోర్డు 2015లోనే సూచించింది. మీ స్కూల్లో ఉందా అని అడగడం మీ హక్కు. ఇది డబ్బులు లాక్కోవడం, కొట్టడం, ఒంటిమీద చేతులు వేయడం దాకా వెళ్తే 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్లలు స్వయంగా కూడా చెయ్యొచ్చు, ఖర్చుండదు. పాప 'నేను బతకను' లాంటి మాటంటే అది బెదిరింపు అనుకోకుండా ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

మనవాడే అయితే?

టీచరు కబురు పెట్టినప్పుడు 'మా వాడు అలాంటివాడు కాదండీ' అనేస్తాం. ఏ తల్లికైనా వచ్చే మొదటి మాటే అది. కానీ ఆ మాటకి ముందు ఒక్కరోజు ఆగితే బాగుంటుంది. ఇంట్లో పనమ్మాయిని ఏమని పిలుస్తున్నాం, లావుగా ఉన్న ఆడపడుచు గురించి ఆమె అటు వెళ్ళగానే ఏమని నవ్వుకుంటున్నాం అన్నది పిల్లలు వింటూనే ఉంటారు. పెళ్ళిళ్ళలో 'కర్రిపిల్ల', 'బండోడు' అని మేనమామలు పెట్టే ముద్దుపేర్లు అందరికీ ముద్దుగా ఉండవు.

అలాగని బెల్టు తీస్తే, బలమున్నవాడిదే రాజ్యమని వాడు ఇంట్లో కూడా నేర్చుకుంటాడు. ఏం చేశాడో వాడి నోటితోనే చెప్పించండి. 'సరదాకి' అంటే 'ఎవరికి సరదా?' అని అడగండి. ఊరికే సారీ చెప్పించి వదిలేయకుండా, లాక్కున్నది తిరిగి ఇప్పించండి, చించిన పుస్తకానికి వాడి చేతే అట్ట వేయించండి. పదిహేను రోజులయ్యాక టీచర్ని మళ్ళీ అడగండి. ఆటో అతన్ని కూడా అడగండి, ఆ పాప ఇప్పుడు ఎవరి పక్కన కూర్చుంటోందో అతనికి తెలుస్తుంది.